అత్తకు సీటు లేని బండి

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు బంధువులు పుట్టరు, వస్తారు. ఏదో పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చుని భోంచేసినవాడు "మీరు తిరుపతిలోనే కదా ఉండేది?" అని అడిగాడంటే, నెల తిరగకముందే సంచీతో మన గుమ్మంలో ఉంటాడు. దానికి ఈ ఊళ్లో ఎవరూ నొచ్చుకోరు. స్వామి కొండమీద ఉంటాడు, స్వామిని చూడవచ్చేవాళ్లు కింద మా ఇళ్లల్లో ఉంటారు. పనులు పంచుకున్నాం అంతే. అందుకే ప్రతి ఇంట్లో అవసరానికి మించి చాపలుంటాయి, అవసరానికి మించిన గిన్నె ఒకటి ఉంటుంది. ఇక కారు కూడా ఉందంటే చెప్పనక్కర్లేదు. తాళం మన దగ్గర ఉంటుంది, బండి మాత్రం బంధువులది.

నేను కారు కొన్నది తొంభైల నడుమ. ఊళ్లో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. జడత్వం గురించి చెప్పాల్సి వస్తే పిల్లలు ఉదాహరణ కోసం పుస్తకం తెరిచేవాళ్లు కాదు, నా వైపు చూసేవాళ్లు. అలాంటి నన్ను కదిలించింది ఒక పాత కారు. అమ్మే మనిషి ఇంజను గురించి, టైర్ల గురించి ఏదో చెబుతున్నాడు. నేను డాష్‌బోర్డు చూస్తున్నాను. స్పీడు చూపే గుండ్రం పక్కన ఇంకో చిన్న గుండ్రం ఉంది. అందులో ఒకే ఒక ముల్లు, ముల్లు వెనక పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలు. మెత్తగా తోలితే ముల్లు పచ్చలో ఉంటుంది, అంటే పెట్రోలు పొదుపుగా తాగుతోందన్నమాట. పెడలు గట్టిగా తొక్కితే పసుపు దాటి ఎరుపులోకి పోతుంది. ఆ కారు మొత్తంలో ఫిజిక్సు వాడికి అర్థమైన వస్తువు అదొక్కటే. అర్థమైంది కాబట్టి కొనేశాను.

మొదటి వారంలోనే ఆ ముల్లు నాకు గుచ్చుకుంది. దాన్ని పచ్చలో నిలబెట్టడమే నా జీవితాశయం అయిపోయింది. దూరంలో జనం కనబడితే ముందే కాలు తీసేవాణ్ణి. బ్రేకు వేయడం పాపం, వేసిన తర్వాత మళ్లీ వేగం అందుకోవడం మహాపాపం. ఈ పద్ధతిలో పెట్రోలు నిజంగానే కలిసొచ్చింది, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. పక్కనుంచి పోయే ఆటోవాళ్లు మాత్రం తల బయటికి పెట్టి "ఏం సార్, ఊరేగింపా? పల్లకి మోసేవాళ్లు యాడ?" అనేవాళ్లు.

"రోడ్డు సూడండి, దాన్ని కాదు," అనేది నా భార్య. కొంచెం దూరం పోయాక, "నన్నెప్పుడన్నా అంత శ్రద్ధగా సూసినారా?" అనేది.

నువ్వెప్పుడూ ఎరుపులోనే ఉంటావని చెప్పేంత ధైర్యం నాకు లేదు.

కొండమీదికి తోలినప్పుడే వచ్చేది చిక్కు. ఘాట్ రోడ్డులో ఎంత మెత్తగా తోలినా ముల్లు పచ్చలో ఉండదు. దిగేటప్పుడు అందరూ పొదుపరులే. ఎక్కేటప్పుడే తెలుస్తుంది ఎవడి సంగతైనా.

మా నాయనకు ఒక్కతే అక్క. చిత్తూరులో ఉండేది. ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో నేను ఆ అత్త ఇంట్లోనే ఉన్నాను. వాళ్లకున్న కాస్త చోటులోనే నాకొక మూల చూపించి, ఆ మూలకు నా పేరు పెట్టేసింది. నేను తిన్న రాగిసంకటికి, శెనక్కాయల ఊరిబిండికి ఆ ఇంట్లో మీటరు లేదు. మనిషి భారీగా ఉండేది, నవ్వు అంతకంటే భారీగా ఉండేది. తమిళుల పెరటాసి నెల మా జిల్లాలో మాకూ స్వామి నెలే. శనివారాలు ఒక్కపొద్దు ఉండి, ఆకులో స్వామికి తళిగ నైవేద్యం పెట్టి, గోవిందలు పలికాక గానీ ఎంగిలిపడరు. ఆ నెలలో ఒక శనివారం మా అత్త కొండకు రావడం, మా ఇంట్లో దిగడం ఏటా జరిగేది. ఇంట్లోకి కారు వచ్చిన ఏడాది అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే. అంతకుముందెప్పుడూ ఆమె కారులో కొండ ఎక్కలేదు.

పెద్దదని ముందు సీటు ఆమెకిచ్చాం. నా భార్య, పిల్లలిద్దరూ వెనక కూర్చున్నారు. కొండ కింది అలిపిరి దాటి రెండు మలుపులు తిరిగామో లేదో, ఆమె చూపు డాష్‌బోర్డు మీద పడింది.

"ఏందిరా అబ్బోడా ఆ గడియారం? ఒక్క ముల్లే ఉండాది?"

"గడియారం కాదత్తా. పెట్రోలు ఎంత తాగతా ఉండాదో సెప్తాది. పచ్చలో ఉంటే రవంత, ఎర్రలో ఉంటే జాస్తి."

"ఇప్పుడు ఎర్రలోనే ఉండాదే?"

"కొండెక్కతా ఉండాం కదా. బరువుంటాది."

"ఎవురి బరువు రా?"

కొంచెం లోకజ్ఞానం ఉన్నవాడైతే "ఇంజను బరువు" అనేవాడు. నాకు పాఠం చెప్పే జబ్బు. "అందరిదీ కలిపి అత్తా. మనుషులు జాస్తి అయ్యేకొద్దీ ముల్లు అట్లా పోతాది," అన్నాను. నా భార్య సీటు వెనకనుంచి నా నడుం గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. అత్త వెనక్కి తిరిగి బక్కపలచని నా భార్యను, పుల్లల్లాంటి పిల్లల్ని చూసింది. తర్వాత తన ఒళ్లు తాను చూసుకుంది. లెక్క తేలిపోయింది.

అక్కణ్ణుంచి ఆమె సీటుకు ఆనుకోలేదు. ప్రతి మలుపులోనూ బండిని భుజంతో నెడుతున్నట్టు ముందుకు వంగింది. పక్కన పోయే బస్సుల్లోనుంచి జనం "గోవిందా గోవింద" అంటున్నారు. మా కారులో అత్త నోరు "పసుపు... ఎర్ర... అయ్యో, ఎర్రే రా," అంటోంది. నేను ఇంకా మెల్లగా తోలాను. తనను ఊరడించడానికేనని అనుకుందట పాపం. నేను ముల్లును ఊరడిస్తున్నాను.

దిగేటప్పుడు ముల్లు పచ్చలోంచి కదల్లేదు. "సూడు సూడు, లడ్లు కూడా తెచ్చినాం, అయినా పచ్చలోనే ఉండాది!" అని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం ఆమెకు వదిలేసి ఉండొచ్చు. వదల్లేదు. పల్లానికి ఇంజను శ్రమ పడదని, అందులో మన గొప్ప ఏమీ లేదని విడమరిచి చెప్పాను. "ఓహో, అట్లనా," అంది.

మరుసటి ఏడు పెరటాసిలో వచ్చింది. తెల్లవారి లేచి, తలకు పోసుకుని, చీర కట్టుకుని, సంచీ చంకన పెట్టుకుని నడవలోకి వచ్చింది.

"మీరు కార్లో రండి నాయనా. నేను బస్సులో వస్తా. అలిపిరి దాకా ఆటో ఉండాది కదా."

ఇక్కడ మా జిల్లా పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో ఎవరైనా మొదట 'వద్దు' అంటే, దానర్థం 'ఇంకోసారి అడుగు' అని. రెండో 'వద్దు'కు 'ఇంకా కొంచెం గట్టిగా అడుగు' అని. మూడోసారి అడిగాక చేతిలోని సంచీ లాక్కుని బండిలో పెట్టాలి. అప్పుడు వాళ్లు "మీకెందుకు శ్రమ" అంటూ ఎక్కుతారు. కాఫీ దగ్గర్నుంచి పిల్లనివ్వడం దాకా మా మర్యాద ఇదే. మొదటి 'వద్దు'ను నిజమని నమ్మేవాడు మాలో ఉండడు. ఉంటే వాడు నమ్మినట్టు కాదు, నమ్మదలుచుకున్నట్టు.

"అదేందత్తా?" అన్నాను నేను. అదొక్కసారే.

"బస్సులో అయితే కాళ్లు సాపుకోవచ్చురా," అంది ఆమె. ఘాట్ బస్సులో కాళ్లు చాపుకున్న మనిషిని నేను ఈ జన్మలో చూడలేదు. అయినా "సరే, నీ ఇష్టం" అన్నాను. నాలో ఏదో ముల్లు చప్పుడు లేకుండా పచ్చలోకి జరిగింది. నా భార్య వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కారులో కొండెక్కేటప్పుడు, అత్త కూర్చోవలసిన ముందు సీట్లో తాను కూర్చోకుండా వెనకే కూర్చుంది.

ఆ రోజు ముల్లు ఎరుపులోనే ఉంది. అత్త లేకపోయినా ఎరుపే. కొండకు ఆమె బరువుతో పని లేదు. ఆ ఎత్తుకు ఆ ఇంజను అంతే తాగుతుంది. ఈ మాత్రం ఫిజిక్సు నాకు ముందే తెలిసి ఉండాల్సింది. తెలిశాకైనా ఆమెకు చెప్పి ఉండాల్సింది. చెబితే మళ్లీ ఎక్కుతుందేమో అనిపించింది.

మొదటి ఏడు సౌకర్యం, రెండో ఏడు అలవాటు, ఆ తర్వాత ఆనవాయితీ. అత్త బస్సులో వస్తుంది, మేము కారులో పోతాం, పైన కలుసుకుంటాం. తక్కిన బంధువులు కూడా ఎలా విన్నారో విన్నారు. "మీ బండికి ఎందుకులే కష్టం" అని వాళ్లంతట వాళ్లే జీపులు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దిష్టి తగలకుండా అందరూ బండికి నిమ్మకాయ కడతారు. మా బండికి ఆ ముల్లు చాలింది.

రెండువేలు దాటిన తర్వాత ఆ కారు ముసలిదైంది. అత్త కూడా ముసలిదైంది. "మోకాళ్లు నాతో రామంటా ఉండాయి, నేనే లాక్కోనొస్తా ఉండా," అని నవ్వేది. శనివారం రద్దీలో అలిపిరి బస్టాండులో వరుసలో నిలబడి, కడ్డీ పట్టుకుని ఎత్తైన మెట్టు ఎక్కి వచ్చేది. పైన మాకు కనబడినప్పుడు ఆ కథనంతా హాస్యంగా చెప్పేది. మేము నవ్వేవాళ్లం. నా భార్య నవ్వు మాత్రం నా మొహం దాకా వచ్చి ఆగిపోయేది.

కొత్త బండి కొనాలన్న మాట అప్పుడే వచ్చింది. ఏడుగురు పట్టే డీజిల్ బండి కొందామని నా భార్య. ఆ రోజుల్లో స్టాఫ్ రూములో ఒకాయన విదేశీ పత్రిక తెచ్చి, పెట్రోలు, కరెంటు రెండూ తినే కారు బొమ్మ చూపించాడు. మిశ్రమాహారి అన్నమాట. దాని డాష్‌బోర్డు మీద చిన్న తెర ఉండి, శక్తి ఇంజను నుంచి చక్రాలకు పోతోందో, చక్రాల నుంచి బ్యాటరీకి తిరిగొస్తోందో బాణాలతో చూపిస్తుందట. నాకు నిద్ర పట్టలేదు. కానీ అది మన దేశంలో దొరకదు. దొరికేది బెంగళూరులో ఉంది, పూర్తిగా కరెంటుతో నడిచే బుల్లి కారు. బస్సెక్కి పోయి చూసొచ్చాను. తోలి కూడా చూశాను. పొగ లేదు, మోత లేదు, గేర్లు లేవు. వెనక సీటు ఉందనడానికీ లేదు, లేదనడానికీ లేదు. పల్లంలో కాలు తీస్తే బ్యాటరీలోకి చార్జి తిరిగి వస్తుందని అక్కడివాళ్లు చెప్పారు. దిగేటప్పుడు పొదుపు చేయడమే కాదు, సంపాదించవచ్చు కూడా. నా జన్మకు అంతకంటే ఏం కావాలి?

ఇంటికొచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"వెనక సీట్లో ఎవురు కూసుంటారు?" అంది నా భార్య.

"సిన్నపిల్లోళ్లు కూసోవచ్చు."

"మన పిల్లోడికి మీసాలొచ్చినాయి. పాప మీ భుజం దాటింది."

"కొండమీద పొగ సూసినావు కదా. ఆ బస్సులు, ఆ జీపులు... ఆ గాలి ఏం కావల్ల? మన వంతుగా మనం..."

"గాలి సంగతి నేను కాదన్నానా? మంచి పనే." ఆమె బియ్యం చెరుగుతోంది. చాట ఆపకుండానే అంది, "ఇద్దరికే సీటని సెప్పేటప్పుడు మీ మొగం ఎట్ల నిమ్మళంగా ఉండాదో సూసుకున్నారా? పెద్దత్తకి సీటు లేని బండి కొంటా ఉండారు. దానికి గాలిని, చెట్లని ఎందుకు సాక్ష్యం పిలుస్తారు?"

ఆ కారు గాలి కోసం కొంటున్నానా, ఖాళీ కోసం కొంటున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. రెండూ నిజమే. పొగ లేకుండా నడవడం మంచిదని నిజంగానే నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. అయితే తప్పుడు పనికి సాకు దొరక్కపోతే మనిషి ఆలోచిస్తాడు. మంచి పనే సాకుగా దొరికితే ఇక ఆలోచించడు. నేను కొనేశాను. కాలేజీలో అందరూ చెయ్యి కలిపి మెచ్చుకున్నారు. ప్రతి మెప్పుకూ ఒక అంగుళం కుంచించుకుపోయాను. పొగ లేని బండికి పొగరన్నా ఉండాలి కదా, అదీ మిగల్లేదు.

సంగతి తెలిసి అత్త చిత్తూరునుంచి ఫోను చేసింది. "నేను రాకుండా కొత్త బండికి పూజ సేయించినావంటే నీ గుమ్మం తొక్కను," అంది. పెరటాసి ఎలాగూ వస్తోంది. శనివారం పొద్దున్నే ఆమెనూ నా భార్యనూ ఆటోలో ఎక్కించి, నేను బండి తోలుకుని, అలిపిరికి పోయాం. కొత్త బండి కొన్న ప్రతివాడూ అక్కడ కొబ్బరికాయ కొట్టించి కొండెక్కుతాడు.

పూజారి బండికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి పళ్లెంతో ముందు నిలబడ్డాడు.

"స్టార్ట్ చెయ్యండి సామీ."

"చేసినా సామీ."

"ఏదీ, సప్పుడు లేదే?"

సప్పుడు ఉండదని చెబుతూ పెడలు మీద కాలు పెట్టాను. బండి ఆయన కాళ్లమీదికి పిల్లిలా పోయింది. నిమ్మకాయలు చితికాయి. పూజారి "గోవిందా!" అని పక్కకు దూకాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చాలాకాలానికి విన్నాను ఆ భారీ నవ్వు.

తర్వాత వంగి కిటికీలోంచి లోపల చూసింది. "దీంట్లోనూ ఉండాదే నీ పచ్చ, ఎర్ర," అంది. సీట్లు చూసింది. "ఇద్దరికేనా? మంచిదే రా, బరువు తగ్గతాది." వెటకారం కాదు. నా లాభం కోరి అన్న మాట. వెటకారమైతే బాగుండేది.

"పెద్దత్తా, మీరు ముందర కూసోండి," అంది నా భార్య. "నేను ఇంటికి పోతా. మీరిద్దురూ పోయి రండి."

"సాల్లేమ్మే. కొత్త బండిలో మొగుడూ పెండ్లాం పోవల్ల. నేను బస్సులో వస్తా."

అది మొదటి 'వద్దు'. "రా అత్తా," అన్నాను. వద్దంది. "నువ్వు రావల్ల. నీ మోకాళ్లు సూడు," అన్నాను. వద్దంది. ఆమె చేతిలోని సంచీ లాక్కున్నాను. "నీకోసరమే తెచ్చినా ఈ బండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. నా భార్య మొహం పక్కకు తిప్పుకుంది.

అత్త సంచీ నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "ఒక మాట సెప్తా, కోపం తెచ్చుకోవద్దు. నీ బండెక్కితే నాకు గోవిందలు నోటికి రావురా. కన్నంతా దానిమీదనే ఉంటాది. బస్సులో అందురూ ఒక్కపారి గోవిందా అంటారు, నేనూ అంటా. అది ఎంత తాగతా ఉండాదో ఆడ ఎవురికీ తెల్దు. మీరు పోయి రండి, పైన కలుస్తా."

అది మర్యాద కాదు, నిజమైన వద్దు. ఒక చెయ్యి మోకాలిమీద పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. నేను తాళం నా భార్య చేతిలో పెట్టాను. "పోండి," అంది ఆమె, అంతే.

వరుసలో అత్తను అందుకుని మెట్టు ఎక్కించి, వెనకే నేనూ ఎక్కాను. బస్సు నిండిపోయి ఉంది. కండక్టరు నా భుజం పట్టుకున్నాడు. "ఘాట్ బస్సు సార్, నిలబడి పోకూడదు. దిగండి, ఎనక బస్సులో రండి."

"నిలబడడు లేప్పా, కూసుంటాడు," అంది అత్త. అప్పటికే ముగ్గురి సీట్లో మూడో మనిషిగా ఇరుక్కుని ఉంది.

"సీటు యాడుండాది మ్మా?"

"ఉండాది. మే, రవంత జరుగు." పక్కనున్న ఆడమనిషి జరిగింది. కిటికీ దగ్గరి ముసలాయన జరిగాడు. అత్త తన ఒళ్లంతా కూడదీసుకుని కుంచించుకుంది. ఒక జానెడు చోటు తేలింది. దాన్ని అరచేత్తో తట్టి, "రా, కూసో," అంది.

కూర్చున్నాను. సగం మనిషిని సీటుమీద, సగం దారిలో. బస్సు కదిలింది.

"కొడుకా?" అని అడిగింది పక్కావిడ.

"మా తమ్ముని కొడుకు. కాలేజీలో అయ్యవారు. కొత్త కారుండాది, ఇప్పుడే పూజ సేసినాం. అయినా దాన్ని ఆడ పెట్టి, నాకోసరం బస్సెక్కినాడు. ఈ కాలంలో ఎవురుండారు సెప్పు అట్లాటోళ్లు?"

ముందు సీటువాళ్లు కూడా తిరిగి చూశారు. ముసలాయన "మంచి బిడ్డ," అన్నాడు. అట్లా కాదు, అని చెప్పడానికి నోరు తెరిచాను. మొదటి మలుపు తిరుగుతూ బస్సంతా ఒక్కసారిగా "గోవిందా" అంది. అందరికంటే గట్టిగా అత్త అంది.

కండక్టరు టికెట్లకు వచ్చాడు. ఆ ఇరుకులో నా చెయ్యి జేబు దాకా పోయేలోపల ఆమె కొంగుముడి విప్పి, "ఇద్దురికి," అంది.